గిటారు అడుగున హార్మనీ

మా నాయన హార్మనీ వాయించేవాడు. హార్మోనియం అని పూర్తి పేరు ఆయన నోట నేనెన్నడూ వినలేదు. కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు నాటకం పడిందంటే ఆయన పెట్టె అక్కడికి ఎడ్లబండిలోనో, బస్సు మీదనో చేరవలసిందే. మేము కన్నడదేశంలో ఎన్ని తరాలుగా ఉన్నామో మాకే లెక్క తెలియదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, నాటకం రాత్రి తిరుపతి వేంకట కవుల పద్యాలు. ఇలాంటి ఇంటివాడు డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు బృందం పాట గురించి ఈ పత్రికకు వ్యాసం రాస్తానంటే సంపాదకులు నొసలు చిట్లించే ఉంటారు. ఏం చేయను! మా ఇంట్లో తండ్రీ కొడుకుల మధ్య ఎనిమిది నెలలు నిలిచిపోయిన మాటను మళ్ళీ కదిలించింది త్యాగరాజ కీర్తన కాదు, ఆ పాటే.

పాట పేరు 'స్మోక్ ఆన్ ది వాటర్'. నీళ్ల మీద పొగ అని అర్థం.

ముందు హార్మనీ సంగతి చెప్పాలి. ఆ వాయిద్యానికి మన దేశంలో ఏనాడూ పెద్ద పీట లేదు. తీగ మీద వేలు జారినట్టు మెట్ల మీద జారదు, గమకం పలకదు అని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ నిషేధం 1971 దాకా ఉండి, ఆ తరువాత సడలింది. మా నాయనకు అది మనసులో ముల్లు. "ఊరంతా వినే పెట్టె రేడియోకు పనికిరాలేదు" అనేవాడు. రేడియో తలుపు తెరిచేటప్పటికి ఊరు వినడం మానేసింది. అప్పటికి మేము బెంగుళూరు దండులో, అలసూరు దగ్గర కాపురం ఉన్నాము. నాటకాలు ఏడాదికి రెండో మూడో. పగలు నాయన ఒక కట్టెల అడితీలో లెక్కలు రాసేవాడు.

1975లో ఆ పెట్టె తిత్తి చిరిగింది. గాలి నిలవడం లేదు. నాయన నూటముప్పై రూపాయలు కూడబెట్టి, బాగు చేయించుకు రమ్మని మా అన్న చేతిలో పెట్టాడు. అన్న అప్పుడే ఫ్యాక్టరీలో అప్రెంటిసుగా చేరాడు. పొద్దున పెట్టె తీసుకుని పోయినవాడు సాయంత్రం ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పాత గిటారు పట్టుకుని వచ్చాడు. పెట్టె పోయినట్టే తిరిగి వచ్చింది. డబ్బు గిటారయింది.

నాయన తిట్టలేదు, కొట్టలేదు. పెట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టించాడు. ఆ రోజునుంచి అన్నతో మాట లేదు. "వాడిని అన్నానికి రమ్మను" అని అమ్మతో చెప్పేవాడు. వాడు ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. గలాట జరిగిన ఇల్లయితే రెండు రోజుల్లో చల్లారుతుంది. మా ఇంట్లో గలాట లేదు, అందుకే చల్లారలేదు.

మరుసటి ఏడు ఒక సాయంత్రం. అన్న తన ఫ్యాక్టరీ స్నేహితుడి ఇంట్లో, రికార్డు నుంచి క్యాసెట్టులోకి పాటలు ఎక్కించుకుని వచ్చాడు. ఆ స్నేహితుడిదే ఒక చిన్న క్యాసెట్టు ప్లేయరు, అరువు. లోపలి గదిలో సన్నగా పెట్టుకుని, గిటారు మీద వేళ్లు వెతుక్కుంటున్నాడు. నేను పి.యు.సి. పుస్తకం ముందు పెట్టుకుని పాటే వింటున్నాను. నాయన నడవలో ఈజీచైరులో పడుకుని ఉన్నాడు.

ఆ పాట మొదలు మీలో కొందరు వినే ఉంటారు. పేరు తెలియకుండానే విని ఉంటారు. ఒక గిటారు ఒంటరిగా, నాలుగే స్వరాలతో తలుపు తట్టినట్టు మొదలుపెడుతుంది. అదే వరుస మళ్ళీ. రెండో చుట్టుకు ఒక బరువైన గురగుర శబ్దం దాని కిందికి వచ్చి చేరుతుంది, తాళం పలకలు టిక్కు టిక్కుమంటాయి. తరువాత డోలు, తరువాత మందర గిటారు, అన్నీ వచ్చాకగానీ మనిషి గొంతు రాదు. నాటకంలో తెర లేచేముందు ఒకరొకరుగా వాయిద్యాలు అందుకున్నట్టే.

పాట అయిపోయింది. నడవలోనుంచి వినబడింది:

"మళ్ళా వెయ్యి."

అన్న నా మొహం చూశాడు. ఎవరితో అంటున్నాడో ఇద్దరికీ తెలియలేదు. క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. నాయన లేచి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"గిటారు అడుగున హార్మనీ ఉండాది రా."

"హార్మనీ యాడుంది నాయనా! గిటారే అది. కరెంటు గిటారు అట్లనే అరుస్తాది."

"నాకు చెప్తావా? మొదటి తూరి గిటారు ఒకటే. రెండో తూరికి పెట్టె కలిసింది. పెట్టెను రేకుల డబ్బాలో పెట్టి వాయించినట్ల ఉండాది. మళ్ళా వెయ్యి."

అన్న ఒప్పుకోలేదు. ఎనిమిది నెలల తరువాత మొదటి మాట, మొదటి మాటతోనే వాదన. ఇద్దరికీ అది ఎంత అవసరమో అమ్మకు తెలిసినట్టుంది, వంటింట్లోనుంచి రాలేదు. రాత్రి తొమ్మిదింటికి అన్న సైకిలు వేసుకుని స్నేహితుడి ఇంటికిపోయి రికార్డు అట్ట పట్టుకొచ్చాడు. ఐదుగురి పేర్లు: పాట ఇయాన్ గిల్లన్, గిటారు రిచీ బ్లాక్‌మోర్, బేస్ గిటారు రోజర్ గ్లోవర్, డ్రమ్ములు ఇయాన్ పెయిస్, ఆర్గన్ జాన్ లార్డ్. ఆర్గన్ అనే మాట మీద అన్న వేలు ఆగిపోయింది.

జాన్ లార్డ్ చేసిన పని ఏమిటో చాలా ఏళ్ల తరువాత చదివాను. హామండ్ ఆర్గన్ చర్చిలో మెత్తగా పలికే వాద్యం. దానికి మామూలుగా వాడే స్పీకరు వదిలి, గిటారువాళ్లు వాడే మార్షల్ యాంప్లిఫయరులోకి కలిపాడు. గొంతు చిరిగి గిటారులాగ గర్జించింది. గిటారు వరుసనే తానూ వాయిస్తే వేరుగా వినబడదు, బరువు మాత్రం తెలుస్తుంది. లోకమంతా దాన్ని గిటారు పాట అనే అనుకుంది. మా నాయన చెవి మాత్రం పెట్టెను పట్టుకుంది.

స్వరాలు కూడా ఆయనే కట్టి చెప్పాడు, కుర్చీ చేతి మీద వేళ్లతో తట్టుతూ. స గ మ. స గ మ మ. స గ మ గ స. గాంధారం సాధారణం. మధ్యమాలు రెండు: మధ్యలో ప్రతి మధ్యమం తొంగి చూసి వెంటనే శుద్ధ మధ్యమంలోకి దిగిపోతుంది. "హమీర్ కల్యాణిలోనూ రెండు మధ్యమాలు ఉండాయి. కానీ ఈ గాంధారంతో కాదు. ఇది ఏ రాగమూ కాదు, అయినా నిలబడింది చూడు" అన్నాడు. తరువాత ఇంకో మాట: "ఒక స్వరం కాదురా, జోడు పలుకుతా ఉండాది." అదీ నిజమే. బ్లాక్‌మోర్ ఆ వరుసను ఒక తీగ మీద కాక రెండు తీగల మీద, బిళ్ళతో కాక వేళ్లతో మీటి వాయించాడు. నేర్చుకునేవాళ్లలో చాలామంది అక్కడే తప్పుతారు. మా అన్న కూడా తప్పాడు. నాయన మాట విని రెండు తీగలు కలిపి లాగేసరికి గదిలో ఉన్న ముగ్గురికీ తెలిసిపోయింది.

ఇక పాట మాటలు. మాకెవరికీ అర్థం కాలేదు. పొగ అంటే గంజాయి అని అన్న ఖాయం చేశాడు, ఆ కాలపు పాటలన్నీ అలాంటివేనని. అలా అనుకున్నది మేమే కాదు. ఆ పేరు వినగానే మత్తుమందుల పాటలా ఉందని గిల్లనే సందేహించాడట. నేను పి.యు.సి. ఇంగ్లీషుతో వారం రోజులు క్యాసెట్టు ముందుకూ వెనక్కూ తిప్పి మాటలు రాసుకున్నాను. సగం తప్పులే. అయినా ఒక్కటి తేలింది: ఇందులో ప్రేమ లేదు, గంజాయి లేదు. ఎక్కడో ఒక ఊరు, ఒక సరస్సు, తగలబడిన ఒక ఆటశాల. పేపరు వార్తలాంటి పాట.

మిగిలిన కథ తరువాత పుస్తకాల్లో దొరికింది. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రో అనే ఊరు. 1971 డిసెంబరులో డీప్ పర్పుల్ వాళ్లు రికార్డు చేయడానికి అక్కడికి వెళ్లారు. ఊరి క్యాసినో చలికాలానికి మూసేస్తారు, ఖాళీగా ఉంటుంది, అందులో వాయించుకోవచ్చు అని ఏర్పాటు. రోలింగ్ స్టోన్స్ బృందంవారి రికార్డింగు లారీని కూడా తెచ్చుకున్నారు. మూసేముందు చివరి కచేరీ డిసెంబరు 4న, ఫ్రాంక్ జప్పా బృందానిది. కచేరీ మధ్యలో ప్రేక్షకుల్లో ఒకడు సంకేతాలకు వాడే మంటల తుపాకీని పైకప్పు వైపు పేల్చాడు. కప్పుకు వెదురు అల్లిక. అంటుకుంది. భవనమంతా పోయింది. జప్పా వాయిద్యాలన్నీ బూడిదయ్యాయి. అదృష్టం, ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ ఊళ్లో సంగీతోత్సవం నడిపే క్లాడ్ నాబ్స్ అనే ఆయన లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి లాగాడు. పాటలో ఆయన ప్రస్తావన ముద్దుపేరుతో వస్తుంది.

డీప్ పర్పుల్ వాళ్లు హోటలు కిటికీలోనుంచి ఆ పొగ సరస్సు మీద పరుచుకోవడం చూశారు. కొన్నాళ్లకు గ్లోవర్ నిద్రలోనుంచి లేస్తూ ఆ నాలుగు ఇంగ్లీషు మాటలూ అన్నాడు. పాటకు పేరు అదే అయింది.

వాయించే చోటు లేదు. నాబ్స్ వెతికిపెట్టిన పెవిలియన్ అనే హాలులో ఒక రాత్రి ఈ వరుస వాయించి ఎక్కించారు. ఇరుగుపొరుగు నిద్ర లేచి పోలీసులను పిలిచారు. పోలీసులు తలుపు బాదుతుంటే సామాను మోసే కుర్రవాళ్లు లోపలినుంచి తలుపు అదిమి పట్టుకున్నారట, పాట ముగిసేదాకా. అక్కడినుంచి వెళ్లగొట్టాక, చలికాలానికి మూసి ఉన్న గ్రాండ్ హోటలు దొరికింది. వరండాలో పరుపులు నిలబెట్టి శబ్దం ఆపుకుంటూ మిగతా పాటలు చేశారు. రికార్డయింది ఎలా వచ్చిందో వినాలంటే గదులు దాటి, బాల్కనీలు దాటి లారీ దాకా పోవాలి. అంత దూరం నడవలేక వినడమే మానేశారట.

కథ ఇంత వివరంగా 1976లో నాకు తెలియదు. తెలిసినంతే నాయనకు చెప్పాను. ఆట జరుగుతుండగా ఎవడో నిప్పు పేల్చాడు, కప్పు అంటుకుంది, ఆడవలసిన చోటు పోయింది, దాన్నే పాట కట్టారు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మనమూ చూసినాము" అన్నాడు.

1953 వేసవిలో ముళబాగిలు దగ్గర ఒక పల్లెలో హరిశ్చంద్ర ఆడుతున్నారు. కాటి సీను. చితిమంట కనబడాలని దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లుతారు, భగ్గుమని లేస్తుంది. ఆ రాత్రి జనం ఈలలు వేశారని పొడి చల్లేవాడు ఉత్సాహంలో గుప్పెడు ఎక్కువ చల్లాడు. పందిరి కొబ్బరి మట్టలది. మొదట జనం చప్పట్లు కొట్టారు, అదీ ఆటలో భాగమే అనుకుని. కాటికాపరి వేషంలో ఉన్నాయన కర్రతో మంట కొడుతుంటే ఇంకా నవ్వారు. ఎవరూ చావలేదు. నాయన పెట్టెకోసం వెనక్కి పోబోతే చంద్రమతి వేషం కట్టినాయన చీరకొంగుతోనే ఆయన నడుము కట్టి బయటికి లాగాడు. పెట్టె పోయింది. అది మా తాత పెట్టె.

కోతలయ్యాక ఆ పల్లెవాళ్లు ఇంటింటా రాగులు కొలిచి, అమ్మి, ఆ డబ్బుతో ఇంకో హార్మనీ కొనిచ్చారు. అటక మీద ఉన్నది అదే.

ఇది ఆయన అంతకుముందు మాకు చెప్పలేదు. అమ్మకు తెలుసు. మాకెందుకు చెప్పలేదని నేను అడగలేదు, అన్న అడగలేకపోయాడు. గిటారును గోడకు ఆనించి బయటికి వెళ్లి, చాలా రాత్రయ్యాక వచ్చాడు.

"మన పందిరి మీద ఎవురూ పాట కట్టలేదే" అన్నాడు నాయన నాతో. ఆ మాట నిష్ఠూరంగా కాదు, లెక్కల పుస్తకంలో రాయడం మరిచిపోయిన పద్దు గురించి చెప్పినట్టు.

ఆ పాట కూడా కట్టినవాళ్లకు పెద్దగా ఆనలేదు. 1972 మార్చిలో 'మెషిన్ హెడ్' రికార్డు వచ్చినప్పుడు, విడిగా సింగిల్‌గా అమ్మడానికి వాళ్లు ఎంచుకున్నది 'నెవర్ బిఫోర్' అనే వేరే పాట. అది పెద్దగా ఎవరి నోటా నిలవలేదు. ఈ పాటను కచేరీల్లో విన్న జనమే పైకి లాగారు. 1972 ఆగస్టు 15న, మనం జెండా ఎగరవేసుకున్న రోజునే, జపాన్‌లో ఒసాకా కచేరీలో వాయించినది 'మేడ్ ఇన్ జపాన్' రికార్డులోకి ఎక్కింది. అప్పుడుగానీ కంపెనీకి తెలివి రాలేదు. 1973లో అమెరికాలో పాటను కురచచేసి సింగిల్‌గా విడుదల చేశారు. ఒక వైపు స్టూడియోది, ఇంకో వైపు కచేరీది. జులై నాటికి అక్కడి బిల్‌బోర్డు పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. ఏడాది వయసున్న మెషిన్ హెడ్ మళ్ళీ అమ్ముడుపోయి ఆల్బముల పట్టికలో ఏడుకు ఎక్కింది.

ఎక్కుతున్నప్పుడు బృందం ఎక్కడుంది? విడిపోయింది. జూన్ 29న అదే ఒసాకాలో ఆడి గిల్లనూ గ్లోవరూ బయటికి నడిచారు. పాట పాడినవాడూ, దానికి పేరు పెట్టినవాడూ లేని బృందం పేరుతో పాట ఊరేగింది. నాటక సమాజాల్లో ఉన్నవాళ్లకు ఇదేమీ వింత కాదు. పేరు వచ్చిన మరునాడే దుర్యోధనుడూ కృష్ణుడూ రెండు సమాజాలైపోవడం మా నాయన ఎన్నిసార్లు చూశాడో! వీళ్లు 1984లో మళ్ళీ కలిశారు, అది మన దుర్యోధనుల వల్ల కాలేదు.

విమర్శ లేకపోలేదు. చంటిపిల్లవాడు కూడా వాయించగలిగిన పాట అన్నారు. నిజమే, గిటారు కొన్న ప్రతివాడూ మొదట పట్టుకునేది ఆ నాలుగు స్వరాలనే. గిటారు దుకాణాలవాళ్లు విని విని విసిగిపోవడం ఒక హాస్యోక్తి అయింది. 2007లో అమెరికాలో కాన్సాస్ సిటీలో వెయ్యిమందికి పైగా గిటారువాళ్లు ఒక్కచోట చేరి దాన్నే వాయించారు. సులువుగా ఉండడం తక్కువతనం అని నేననుకోను. పది ఊళ్లకు పనికొచ్చే పాట సులువుగానే ఉంటుంది. 1988 డిసెంబరులో ఆర్మేనియాలో భూకంపం వస్తే, ఆ బాధితుల కోసం మరుసటి ఏడు రాక్ గాయకులు కూడి ఈ పాటనే మళ్ళీ పాడారు. ఒక ఊరి అగ్గి మీద కట్టిన పాట ఇంకో దేశపు శిథిలాలకు డబ్బు తెచ్చింది.

అన్న మొదటి పూర్తి జీతంతో పెట్టెను అటక దించి బాగుకు తీసుకుపోయాడు. తిత్తికి కొత్త తోలు వేయించాడు. రీడ్లు కొన్ని తుప్పుపట్టాయి, అవి మార్చినా పాత గొంతు రాలేదు. నాయన రెండు పద్యాలు వాయించి, "బాగుండాది" అని మూత వేశాడు. బాగులేదని అందరికీ తెలుసు. ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. పిలిచినవాళ్లూ లేరు. గిటారూ అంతే, అన్న పెళ్లయ్యాక తీగలు మార్చేవాడు లేక గోడకు వేలాడింది. ఒకరినొకరు మన్నించుకున్నారా అంటే ఆ మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు. ఆదివారాలు కలిసి క్యాసెట్టు వినేవారు. నాయన కోరి వేయించుకునేది మాత్రం ఆ ఒక్కటే, అదీ మొదటి నిమిషం వరకే. గొంతు మొదలైతే, "ఇంక చాలు, ఆపు" అనేవాడు. 1991లో పోయాడు.

2012 జులైలో ఒక రాత్రి హొసూరునుంచి అన్న ఫోన్ చేశాడు.

"ఆ హార్మనీ ఆయన పోయినాడంటరా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నాయన పోయి ఇరవై ఏళ్లు దాటింది కదా.

"జాన్ లార్డ్. పేపర్లో వేసినారు. డెబ్భై ఒకటంట" అన్నాడు. కాసేపు ఊరుకుని, "పెట్టె ఉండాదా నీ దగ్గర?" అని అడిగాడు.

ఉంది అన్నాను. ఆదివారం వచ్చాడు. ఇద్దరం ముసలివాళ్లం దాన్ని బీరువా మీదనుంచి దించడానికి మనవడిని పిలిచాము. 1976లో వేయించిన తోలు మడతల దగ్గర బీటలు వారింది. అన్న ఎడమచేత్తో తిత్తి అదిమి పట్టుకుని, కుడిచేత్తో స గ మ పట్టాడు. షడ్జమం పలికింది. గాంధారం పలికింది. మధ్యమం దగ్గర గాలి పోయింది. "నువ్వు తిత్తి పట్టుకో, నేను మెట్లు పడతాను" అన్నాడు. పట్టుకున్నాను.